ఆపినా ఆగని చక్రం

"చచ్చిపోయినాయన ఫోనులో ఆఫ్ నొక్కేరు. ఫోను ఆఫ్ అంటోంది. అమలాపురంలో కంపెనీ కంప్యూటరూ ఆఫ్ అనే అంటోంది. చక్రం మాత్రం తిరిగింది, మనిషి పోయేడు. ఇందులో మీకు అర్థం కానిదేముంది మేడం గారూ?" అన్నాడు సీఐ శివప్రసాద్.

"అదేనండీ అర్థం కావట్లేదు," అన్నాను.

ఆయన కానిస్టేబుల్ వైపు చూసి నవ్వాడు. నవ్వనీ. ఏడాది కిందట రావులపాలెంలో అరటిగెలల లారీ మాయమైనప్పుడు దొంగెవరో ఆయనకంటే ముందు నేను చెప్పాను. అప్పటినుంచీ డిటెక్టివ్ భవానీదేవి అన్న పేరు వింటేనే ఆయనకి ఒళ్ళుమంట. ఈరోజు నా మొహం చూసి ఆ మంట కాస్త చల్లారి ఉంటుంది. నిజంగానే నా బుర్ర పనిచేయడం లేదు.

మేం నిలబడింది రాజోలు దగ్గర కొండబాబు గారి రొయ్యల చెరువు గట్టు మీద. చెరువులో నీళ్ళని చిలికి గాలి కలిపే రెక్కల చక్రాలున్నాయి. వాటినే ఏరేటర్లంటారు. అవి ఎక్కువసేపు ఆగిపోతే ఊపిరాడక రొయ్య పైకి తేలిపోతుంది, రైతు మునిగిపోతాడు. ఆ చక్రాలని ఇంట్లో కూర్చుని ఫోనుతో నడిపించే పెట్టె ఒకటి అమలాపురంలో ఓ చిన్న కంపెనీ తయారుచేసింది. పేరు రొయ్యనేస్తం. కొండబాబు గారు మొదటి విడతలోనే కొన్నారు.

సోమవారం పొద్దున ఆయన చక్రానికి చుట్టుకున్న తాడు తీయడానికి చెరువులోకి దిగారు. దిగేముందు ఫోనులో ఆఫ్ నొక్కారు. భార్య గంగాదేవి గారు ఫలహారం తీసుకుని వచ్చేసరికి చక్రం గిర్రున తిరుగుతోంది, ఆయన నీళ్ళలో బోర్లా పడి ఉన్నారు. తలకి రెక్క తగిలింది. మోటార్లని ఆన్ చేసే స్టార్టర్లున్న షెడ్డుకి తాళం వేసే ఉంది. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. అంటే ఎవరూ లోపలికి వెళ్ళి ఆన్ చేయలేదు. ఫోనులో కూడా ఎవరూ ఆన్ నొక్కలేదు. మరి ఆన్ చేసిందెవరు?

సీఐ గారికి ఆ ప్రశ్న అక్కర్లేదు. యాప్‌లో తప్పుంది. యాప్ బాగుందని సర్టిఫై చేసింది టెస్టర్ నిఖిత. నాణ్యత పూర్తిగా ఆ అమ్మాయి బాధ్యతేనని కంపెనీ యజమాని స్టేట్‌మెంట్ ఇచ్చి చేతులు కడిగేసుకున్నాడు. కాబట్టి సాయంత్రం లోపు నిఖితని కోర్టులో పెట్టేస్తారు. వాళ్ళమ్మ సీతారత్నం నిన్న నా ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడిపోయింది. "మా పిల్ల చీమకి కూడా అపకారం చెయ్యదండీ, మనిషిని చంపిందంటున్నారండీ," అని ఆమె ఏడుస్తుంటే నాకు గుండె తరుక్కుపోయింది. చూస్తానని మాటిచ్చాను. చూడ్డానికైతే వచ్చాను గాని, ఏం చూడాలో తెలియడం లేదు.

నిఖిత జీపు పక్కన నిలబడి ఉంది. చున్నీ కొస వేలికి చుట్టుకుని విప్పుతోంది. నేను దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, ఈ పెట్టెని నువ్వు ఎక్కడ పరీక్ష చేసేవు?"

"ఆఫీసులోనండి."

"మీ ఆఫీసులో చెరువుందా?"

"లేదండి. బల్ల మీద బల్బు పెట్టి ఇచ్చేరండి. ఆన్ నొక్కితే వెలగాలి, ఆఫ్ నొక్కితే ఆరాలి. వేళ్ళు నొప్పెట్టేదాకా నొక్కేనండి. ఒక్కసారి కూడా తప్పలేదండి."

"చెరువు దగ్గరికి వెళ్ళి చూడాలనిపించలేదా?"

ఆమె దూరంగా కొబ్బరిచెట్టు నీడలో నిలబడ్డ కుర్రాణ్ణి చూసింది. "ఉదయ్ గారిని అడిగేనండి. ప్రోగ్రామంతా రాసింది ఆయనే. మీ ఊరు చెరువుల మధ్యే కదా, ఒకసారి తీసుకెళ్ళండి అన్నాను. బల్బయినా మోటారయినా ప్రోగ్రాముకి ఒకటేనన్నారండి. శుక్రవారానికల్లా పని అయిపోవాలని సారు కూడా తొందర పెట్టేరు." చున్నీ కొస వదిలేసి, "నేనూ గట్టిగా అడగలేదండి. అడగాల్సింది," అంది.

ఆ చివరి మాట ఆమె చెప్పకుండా ఉండాల్సింది. సీఐ చెవులు రిక్కించి వింటున్నాడు.

"విన్నారుగా! ఒప్పేసుకుంది," అన్నాడు.

"అడగలేదని ఒప్పుకుంది. చంపేనని కాదు. మీ చెవికి రెండూ ఒక్కలాగే వినిపిస్తే నేనేం చెయ్యనండీ," అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది.

ఉదయ్ కిరణ్ దగ్గరికి వెళ్ళాను. తెల్లగా, శుభ్రంగా ఉన్నాడు. బూట్లకి బురద అంటకుండా ఇటుక మీద నిలబడ్డాడు. ఈ ఊళ్ళ కుర్రాడేనన్నది నేను నమ్మలేకపోయాను. వాళ్ళ నాన్న గంగాధర్ గారి చెరువులు కాలవకి అవతల గట్టునే ఉన్నాయట.

"నీ ప్రోగ్రాము నువ్వు పరీక్ష చేసుకోలేదా బాబూ?"

"నా పని రాయడమండి. తప్పులు పట్టడం నిఖిత గారి పని. ఆవిడ బాగుందన్నాకే బయటికెళ్ళింది."

"వండినవాడు ఉప్పు చూసుకోడా?"

"చూసుకుంటాడండి. కానీ వండుతూ వండుతూ వాడి నాలుక కూరకి అలవాటు పడిపోద్దండి. ఉప్పెక్కువైనా తెలీదు. అందుకే పక్కవాళ్ళకి రుచి చూపిస్తారు. ఎవరి తప్పు వాళ్ళకి కనపడదండి మేడం, అందుకే వేరేవాళ్ళని పెడతారు. లోకమంతా అదే పద్ధతి."

నాకు కోపం రావాల్సింది. రాలేదు, ఎందుకంటే అందులో నిజముంది. నిఖిత చెప్పిందాంట్లోనూ నిజముంది. బల్బు ఇచ్చి మోటారు గురించి చెప్పమంటే ఎవరు చెప్పగలరు? యజమాని ఇక్కడుంటే అతని దగ్గరా ఓ నిజం ఉండే ఉంటుంది. ఇంతమంది దగ్గర ఇన్ని నిజాలుండి, మధ్యలో ఓ మనిషి ఎలా చచ్చిపోయాడో తెలియక నాకు చిరాకేసింది.

"చక్రం తిప్పి చూద్దామండీ," అన్నాను సీఐతో.

"చూడండి. మీ సరదా నేనెందుకు కాదనాలి?"

సోమవారమే పోలీసులు మోటారుకి వెళ్ళే తీగలు విప్పించేశారు. ఇప్పుడు వాటిని కలపడానికి నాగబాబుని పిలిపించారు. ఈ చుట్టుపక్కల చెరువులన్నిటికీ మోటారు పని చేసే ఎలక్ట్రీషియన్ అతను. వచ్చినప్పటినుంచీ ఎవరి మొహమూ చూడకుండా పని చేసుకుంటున్నాడు. షెడ్డులో గోడకి పెద్ద స్టార్టరుంది. దానికి ఆకుపచ్చ బటను, ఎర్ర బటను. పక్కన రొయ్యనేస్తం తెల్ల పెట్టె. వాటికింద దుమ్ముపట్టిన చిన్న నల్ల డబ్బా. తీగలన్నీ ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పాకాయి. నాకేమీ అర్థం కాలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

"ఈ తెల్ల పెట్టె ఏం చేస్తుంది?" అనడిగాను.

"ఫోనులో ఆన్ అంటే ఆకుపచ్చ బటను నొక్కినట్టు, ఆఫ్ అంటే ఎర్ర బటను నొక్కినట్టండి. మనిషి వేలు బదులు పెట్టె నొక్కుద్ది, అంతే," అన్నాడు ఉదయ్.

కొండబాబు గారి ఫోను సీఐ దగ్గరుంది. ఆన్ నొక్కాడు. చక్రం తిరిగింది, నీళ్ళు ఎగజిమ్మాయి. ఆఫ్ నొక్కాడు. ఆగింది. మళ్ళీ ఆన్, మళ్ళీ ఆఫ్. ఎన్నిసార్లు నొక్కినా చెప్పిన మాట వింది. నిఖిత కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. బహుశా దేవుడికి దణ్ణం పెట్టుకుంటోందేమో.

"బ్రహ్మాండంగా పనిచేస్తోంది కదండీ," అన్నాను.

"ఇప్పుడు చేస్తోంది. సోమవారం చెయ్యలేదు. ఓసారి చేసి ఓసారి చెయ్యకపోవడాన్నే తప్పంటారు. దాన్ని పట్టుకోవడానికే ఈ అమ్మాయికి జీతమిచ్చేది." సీఐ చివరిసారి ఆఫ్ నొక్కి ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అయిపోయిందా మీ సరదా? అమ్మాయ్, జీపెక్కు."

సరిగ్గా అప్పుడే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర హోరు ఆగిపోయింది. కరెంటు పోయింది. వేసవికాలం, ఇక్కడ రోజుకి నాలుగుసార్లు పోయి వస్తుంది. ఎవరూ పట్టించుకోలేదు. కానిస్టేబుల్ మాత్రం రెక్కలెలా ఉంటాయో చూద్దామని గట్టు దిగి, ఒడ్డుకి దగ్గరగా ఉన్న చక్రం రెక్క మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ముట్టుకోకండి!"

అరిచింది ఉదయ్ కిరణ్. బూట్లతోనే బురదలోకి దూకి కానిస్టేబుల్ చొక్కా పట్టి వెనక్కి లాగాడు. కానిస్టేబుల్ తిట్టబోయి, ఉదయ్ మొహం చూసి ఊరుకున్నాడు. ఆ మొహంలో రక్తం లేదు.

నేను అడుగుదామని నోరు తెరిచాను. ఇంతలో కరెంటొచ్చింది. షెడ్డులోంచి టక్కుమని చప్పుడైంది. చక్రం ఒక్కసారి కదిలి, గిర్రున తిరగడం మొదలుపెట్టింది. కానిస్టేబుల్ చెయ్యి పెట్టబోయిన రెక్క నీళ్ళని మా మొహాల మీదికి విసిరింది.

సీఐ జేబులోంచి ఫోను లాగాడు. తెర మీద ఎర్రక్షరాలతో ఆఫ్ అని ఉంది.

"ఎవడు నొక్కేడు?" అని గట్టిగా అరిచాడు. ఎవరూ నొక్కలేదు. షెడ్డు దగ్గర నేనే ఉన్నాను, నా కళ్ళముందే ఆకుపచ్చ బటను జోలికి ఎవరూ పోలేదు. చప్పుడొచ్చింది కింది నల్ల డబ్బాలోంచి.

"నాగబాబూ, ఇదేంటి?" అన్నాను.

నాగబాబు తలకాయ గోక్కున్నాడు. "అది ఆటో అండి."

"ఆటో అంటే?"

"ఆటో స్టార్టరండి. కరెంటు పోయొస్తే మోటార్లన్నీ ఆగిపోతాయి కదండి. రాత్రీపగలూ గట్టు మీదికొచ్చి ఎవరు నొక్కుతారండి? అందుకని కరెంటు రాగానే అదే ఆన్ చేసేస్తదండి. ఆయ్, ప్రతి చెరువుకీ ఉంటదండి. నేనే పెడతానండి."

"సోమవారం ఈ సంగతి ఎందుకు చెప్పలేదు?" అన్నాడు సీఐ.

"పెట్టకూడదంటారు కదండి కరెంటాఫీసోళ్ళు. నా పీకల మీదికొస్తదని భయపడ్డానండి."

నాకు కొంచెం కొంచెంగా అర్థమైంది. ఫోను ఎర్ర బటను నొక్కింది. చక్రం ఆగింది. కరెంటు పోయి వచ్చింది. ఎవరు ఎందుకు ఆపారో ఆ నల్ల డబ్బాకేం తెలుసు? దాని పని అది చేసింది. ఫోను మాత్రం చివరగా ఎవరు ఏం నొక్కారో అదే చూపిస్తోంది గాని చక్రం తిరుగుతోందా లేదా అని ఎప్పుడూ చూడలేదు. కొండబాబు గారు ఆ ఎర్రక్షరాలని నమ్మి నీళ్ళలోకి దిగారు.

"అయితే టెస్టింగ్‌లో ఇది పట్టుకోవాల్సిందే కదా!" సీఐ తొణక్కుండా నిఖిత వైపు తిరిగాడు. నిజంగా ఆయన ఓపికకి దణ్ణం పెట్టాలి.

"మా ఆఫీసులో ఆటో లేదండి, దాని పేరే ఇప్పుడు వింటున్నానండి," అంది నిఖిత. "నేను అమలాపురం సెంటర్లో పుట్టి పెరిగేనండి. చెరువు గట్టెక్కడం ఇదే మొదటిసారి."

"తెలియకపోవడం కూడా తప్పే."

"ఆగండి సీఐ గారూ," అన్నాను. "తెలియనివాళ్ళ సంగతి తర్వాత. ముందు తెలిసినవాళ్ళ సంగతి చూద్దాం. ఉదయ్ బాబూ, కరెంటు లేదు. ఫోను ఆఫ్ అంటోంది. చక్రం చచ్చినట్టు పడుంది. కానిస్టేబుల్ గారు చెయ్యి పెట్టబోతే నువ్వెందుకు అరిచేవు?"

అతను బురదలో కూరుకున్న బూట్ల వైపు చూస్తున్నాడు.

"బల్బయినా మోటారయినా ఒకటేనన్నావు కదా. మరి బల్బుకి భయపడ్డట్టు లేదే?"

"మేడం..."

"నీకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసు?"

నిఖిత జీపు దగ్గర్నుంచి నడిచి వచ్చి అతనికి ఎదురుగా నిలబడింది. ఆమె ఏమీ అడగలేదు. అతను ఆమెకే జవాబు చెప్పాడు.

"పోయిన నెల మా చెరువులో చూసేనండి. ఆఫ్ చేసి గట్టు మీద నిలబడ్డాను. కరెంటు పోయొచ్చింది, చక్రం తిరిగింది. అప్పుడు లోపల ఎవరూ లేరు. నాగబాబుతో మా ఇంటి ఆటోలన్నీ తీయించేసేను."

"మాతో ఒక్క మాట చెప్పలేదే!" అంది నిఖిత.

"చెబితే అమ్మకం ఆగిపోద్ది. తప్పు నా పేరు మీద ఎక్కుద్ది. తర్వాతి వెర్షన్లో చక్కబెడదాం అనుకున్నాను. టెస్టింగ్‌లో దొరికితే అప్పుడు చూసుకుందాం, దొరకలేదంటే అంత పెద్దది కాదేమో అనుకున్నాను." "మీకు దొరుకుద్దేమోనని రోజూ చూసేనండి. దొరకలేదు."

నిఖిత చెయ్యెత్తింది, కొడుతుందనుకున్నాను. మళ్ళీ దించేసింది. "నేను బల్బు నొక్కుతుంటే చూస్తూ కూర్చున్నారా?" అంది. ఆ మాటకి నాకే ఒళ్ళు మండిపోయింది. రాసినవాడికి తప్పు కనపడదని ఇంతసేపూ పాఠం చెప్పాడు నాకు. కనపడింది. కనపడితే తన ఇంటి గుమ్మం వరకూ సరిచేసుకుని, ఊరిని ఆ అమ్మాయి నెత్తిన వదిలేశాడు.

"అయితే వీడు జీపెక్కాలి," అన్నాడు సీఐ, చెంపదెబ్బ తిన్నవాడిలా.

"ఒక్కడేనా? బల్బు ఇచ్చి తొందరపెట్టిన యజమాని? ఆటో పెట్టి నోరు మూసుకున్న నాగబాబు?"

"కోర్టుకి ఒక మెడ కావాలి మేడం. ముగ్గురి మెడలు కట్టగట్టి తీసుకెళ్తే జడ్జి గారు నన్ను చూసి నవ్వుతారు."

"నవ్వితే నవ్వనివ్వండి. ఒక్క మెడ కోసమే కదా ఇందాక ఈ పిల్లని జీపెక్కించబోయేరు!"

ఆయన ఏదో అనబోయాడు. ట్రాన్స్‌ఫార్మరు హోరు మళ్ళీ ఆగిపోయింది. కరెంటు రెండోసారి పోయింది. చక్రం నెమ్మదించి నిలిచిపోయింది. ఈసారి గట్టు మీద ఎవరూ కదల్లేదు. కానిస్టేబుల్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఇలాంటి పెట్టెలు ఎన్ని అమ్మేరు?" అని నిఖితని అడిగాను.

"అరవై పైనేనండి. అన్నీ ఈ చుట్టుపక్కలే."

నాగబాబు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "బాబోయ్! కరెంటు పోయిందంటే ఇప్పుడు అందరూ చెరువుల్లోకి దిగుతారండి. రెక్కలకి పట్టిన నాచు గోకుతారు. తిరిగేటప్పుడు గోకలేరు కదండి. ఇదివరకు కరెంటొచ్చేస్తదేమోనని భయంభయంగా దిగేవోరు. ఈ ఫోనులొచ్చేక ఆఫ్ నొక్కేసి నిమ్మళంగా దిగుతున్నారండి."

సీఐ అప్పటికే ఫోను తీశాడు. ఆ మనిషంటే నాకు పడదు గాని, ఆ క్షణంలో ఒక్క నిమిషం కూడా వృథా చేయలేదు. "సబ్‌స్టేషనా? సీఐ శివప్రసాద్‌ని. లైను ఇవ్వకండి. నేను చెప్పేదాకా రాజోలు వైపు లైను ఇవ్వొద్దు... ఏంటీ? ఎవరు మీరు? ఆపరేటర్ని పిలవండి!" నిఖిత తన ఫోనులో రైతుల నంబర్లకి ఒకటి తర్వాత ఒకటి కొడుతోంది. "గట్టెక్కండి, దయచేసి గట్టెక్కండి," అని అరుస్తోంది. ఆమెని అరెస్టు చేయడానికి వచ్చిన కానిస్టేబుల్ ఆమె చెప్పిన నంబర్లు తన ఫోనులో నొక్కుతున్నాడు.

ఉదయ్ ఒక్కడే ఖాళీగా నిలబడ్డాడు. "మా ఇంట్లో పర్వాలేదండి," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "మావి తీయించేసేను."

నాగబాబు చప్పున తలెత్తాడు. "అదేంటండి ఉదయ్ బాబూ! మీ నాన్నగారు మొన్న మళ్ళీ పెట్టించేసేరు కదండి!"

"ఏంటి?"

"ఎందుకు తీసేవురా అని నన్ను కేకలేసేరండి. మీవాడే తీయమన్నాడు, ఎందుకో తెలీదన్నాను. కరెంటు పోయినప్పుడల్లా గట్టు మీదికి పరిగెత్తలేకపోతున్నాను, పెట్టెయ్యి అన్నారండి. నాలుగు చక్రాలకీ పెట్టేసేనండి."

ఉదయ్‌కి ఫోను చేతిలో నిలవలేదు. ఒకసారి జారింది. తీసి తుడుచుకుని నాన్నకి కొట్టాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు. మూడోసారి ఎవరో ఎత్తారు. అతని వేలు తగిలి స్పీకరు ఆన్ అయింది. వాళ్ళమ్మ విజయదుర్గ గారి గొంతు మా అందరికీ వినిపించింది.

"ఏరా నాన్నా, అన్నం తిన్నావా?"

"అమ్మా, నాన్నేరీ?"

"ఇక్కడే, నేను గట్టు మీదే ఉన్నాను. కరెంటు పోయింది కదా, నాచు గోకుదామని చెరువులోకి దిగేరు. ఫోను నా చేతికిచ్చేరు."

"పైకి రమ్మను! అమ్మా, ఇప్పుడే పైకి రమ్మను!"

"ఎందుకురా అంత కంగారు?" ఆవిడ నవ్వింది. ఆ నవ్వు వెనక దూరంగా నీళ్ళలో ఎవరో కదులుతున్న చప్పుడు కూడా వినిపించింది. "ఫోనులో ఆఫ్ నొక్కే దిగేరులే. నువ్వు చేసిన పెట్టె కదా, భయమేంటి?"

ఉదయ్ నోరు తెరిచాడు. ట్రాన్స్‌ఫార్మరు మళ్ళీ హోరందుకుంది. కొండబాబు గారి షెడ్డులో నల్ల డబ్బా టక్కుమంది.